డిపోకి ఒక పేరు

లిఫ్టులు బాగుచేసే ఆ డిపోలో అందరికీ కలిపి ఒక్కటే లాగిన్ ఉండేది. దాని పేరు కూడా డిపోయే. గోడకి గొలుసుతో కట్టేసిన ట్యాబ్ ఒకటి, దాని పైన గోడ మీద పెన్సిలుతో రాసిన పాస్‌వర్డు. ఎవరు ఏ మేడకి వెళ్ళొచ్చినా చేతులు గుడ్డతో తుడుచుకుని ఆ డిపోలోకే దూరి, చూసొచ్చిన లిఫ్టు పక్కన టిక్కు కొట్టేవారు. ఫోన్లలో కూడా అదే. చేతికి గ్రీజు అంటుకున్నవాడు పక్కవాణ్ణి కొట్టమనేవాడు. వానలో చిక్కుకుపోయినవాడు ఫోన్ చేసి "నాది కూడా కొట్టెయ్ బాబాయ్" అనేవాడు. ఏ టిక్కు ఎవరు కొట్టారో ఎవరికీ పట్టేది కాదు. టిక్కు పడిందా లేదా, అంతే.

డిపోలో అందరికన్నా పాతవాణ్ణి పెద్దాయన అనేవారు. మాట తక్కువ మనిషి. భార్య పోయాక అది ఇంకా తగ్గింది. ఏదైనా అడిగితే తల ఊపుతాడు, లేదా పానా ఎటు చూపిస్తే అటు అని అర్థం చేసుకోవాలి. "పెద్దాయన నోరు తెరిస్తే పళ్ళు లెక్కెట్టుకుంటామని భయం" అని టార్చి ఎగతాళి చేసేవాడు. పట్టపగలు కూడా నడుముకి టార్చి కట్టుకు తిరుగుతాడని అతనికి ఆ పేరు. పెద్దాయన నవ్వేవాడు కాదు, కోప్పడేవాడూ కాదు.

ఆయన కొడుకు కూడా అదే డిపోలో మెకానిక్కు. తండ్రి దగ్గరే పని నేర్చాడు. తండ్రికి లేని మాటలన్నీ వాడికే వచ్చాయి. కోడలు కంపెనీ ఆఫీసులో కంప్యూటర్ల పని చూస్తుంది. బడికెళ్ళే మనవరాలు ఒకతి. నలుగురూ రెండు గదుల ఇంట్లో ఉండేవారు. పొద్దున్నే ముగ్గురూ ఒకే బస్సు ఎక్కి, కోడలు ఆఫీసు దగ్గరా, తండ్రీకొడుకులు డిపో దగ్గరా దిగేవారు.

ఒకరోజు కోడలే ల్యాప్‌టాపు చంకలో పెట్టుకుని డిపోకి వచ్చింది. నట్ల డబ్బా ఒకటి బోర్లించి దాని మీద కూర్చుంది.

"అందరూ ఒక్క నిమిషం ఇటు రండి. మళ్ళీ మళ్ళీ చెప్పలేను, నాకు గొంతు పోయింది" అంది. "ఇప్పుడు మనకి హాజరుకి ఒక పాస్‌వర్డు, చెకింగుకి ఒకటి, సామాను అడగడానికి ఒకటి, గ్రూపులో మాట్లాడుకోవడానికి ఇంకోటి. అవన్నీ తీసేస్తున్నాం. పొద్దున్నే ఒక్కసారి ఎవరి పేరుతో వాళ్ళు లోపలికొస్తే చాలు. అన్నీ వాటంతట అవే తెరుచుకుంటాయి. సింగిల్ సైన్ ఆన్ అంటారు."

"అంటే మా ఆవిడలాగా అన్నమాట" అన్నాడు టార్చి. "ఒక్కసారి ఇంట్లో అడుగుపెడితే చాలు. ఎక్కడికెళ్ళానో, ఎవడితో తాగానో, జేబులో ఏముందో అన్నీ ఒకేసారి బయటికొచ్చేస్తాయి."

"ఇంచుమించు అంతే అన్నయ్యా" అంది కోడలు. అందరూ నవ్వారు.

ఒక్కొక్కరినీ పిలిచి వాళ్ళ ఫోన్లలో కొత్త పేరు పెట్టించింది. అది బాగానే జరిగింది. చివరికి ఒక్కటి మిగిలిపోయింది. డిపో.

"ప్రతి ఖాతా వెనకా ఒక మనిషి ఉండాలంట. డిపో అనే మనిషి లేడు కదా. దీన్ని ఎవరికి తగిలించను?"

"తీసిపారెయ్ వదినా" అన్నాడు ఇంకొక మెకానిక్కు.

"తీసేస్తే ఇన్నేళ్ళ టిక్కులూ మూతపడిపోతాయి. పాత చెకింగులు చూపించమని మేడలవాళ్ళు అడిగితే మేనేజరు గారు నన్ను ఉరేస్తారు. ఆయన్నీ అడిగాను. ఎవరో ఒకరికి తగిలించు, ఎల్లుండికల్లా అయిపోవాలి అన్నారు."

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. టార్చి మెల్లిగా వెనక్కి జరిగి తాళ్ళ చుట్ట సర్దడం మొదలుపెట్టాడు. ఆ చుట్టని అతను ఏడాదిగా ముట్టుకోలేదు.

"నాది రాసెయ్, ఏమవుతుంది" అన్నాడు కొడుకు.

"వాడిది వద్దు" అన్నాడు పెద్దాయన. "నాది రాయి తల్లీ."

ఆయన మాట్లాడాడంటే అది అయిపోయినట్టే. కోడలు ఒక్క క్షణం ఆగి మామగారి మొహంలోకి చూసింది. తర్వాత కొట్టింది. ఎల్లుండి వచ్చింది. కొత్తది మొదలైంది. గోడ మీద పాస్‌వర్డుని ఎవరో తడిగుడ్డతో తుడిచేశారు.

ఆ పొద్దున ట్యాబ్ తెరిచిన టార్చి గావుకేక పెట్టాడు. "ఒరే, ఇదేంట్రా! పోయినేడు పొడుగు మేడలో తాడు మార్చింది నేను కదా? ఇక్కడ చూస్తే పెద్దాయన మార్చాడంట!"

నిజమే. డిపో అని ఉన్న చోటల్లా పెద్దాయన పేరు వచ్చి కూర్చుంది. ఊరి లిఫ్టులన్నీ ఆయన ఒక్కడే చూసినట్టు. ఒకే పూట నాలుగు దిక్కులా నాలుగు మేడలెక్కినట్టు. కోడలికి ఫోన్ చేస్తే ఆమె నాలుక కరుచుకుంది. "ముందరివి కూడా మారతాయని నాకు తెలీదు. సరిచేయొచ్చేమో కనుక్కుంటాను" అంది. కనుక్కునేలోగా ఆమెకి వేరే పని పడింది.

"ఇన్ని చేతులెక్కడ దాచావు పెద్దాయనా?" అని టార్చి ఆయన చొక్కా చేతులు పైకెత్తి చూశాడు. పెద్దాయన చేతులు వెనక్కి లాక్కున్నాడు. కానీ ఆ మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు ట్యాబ్ ముందు నిలబడి, వేలితో పైకీ కిందికీ జరుపుతూ, తన పేరు అలా వరసగా పోతుంటే చాలాసేపు చూశాడు. ఎందుకో ఆయనకి బాగానే అనిపించింది.

తర్వాత కొన్నాళ్ళకి పాత మేడలో ఆ పని జరిగింది.

అది కింద దుకాణాలూ పైన ఆఫీసులూ ఉన్న మేడ. పాతకాలపు లిఫ్టు. తలుపు చేత్తో లాగాలి. లిఫ్టు వచ్చి ఆగితే తప్ప ఏ అంతస్తులోనూ తలుపు తెరుచుకోకూడదు. దానికి లోపల ఒక లాకు ఉంటుంది. పై అంతస్తులో ఆ లాకు అరిగిపోయింది. మేడ ఊడ్చే ఆమె బకెట్ల బండి లాక్కుంటూ వచ్చింది. బండి చక్రం గడపకి తట్టుకోకుండా ఆమె ఎప్పుడూ వెనక్కి నడుస్తూనే ఎక్కుతుంది. తలుపు లాగింది. తెరుచుకుంది. వెనక్కి ఒక అడుగు వేసింది. లిఫ్టు అక్కడ లేదు.

మేడవాళ్ళు బండి పడిన చప్పుడు మాత్రం విన్నారట.

కబురు తెలిసినప్పుడు తండ్రీకొడుకులు డిపోలోనే ఉన్నారు. కొడుకు చేతిలోని స్పానరు కింద పెట్టాడు. తండ్రి వైపు చూడలేదు. తండ్రీ చూడలేదు. వాళ్ళిద్దరికీ ఒక్క సంగతి తెలుసు. ఆ డిపోలో ఇంకెవరికీ తెలీదు.

కోడలు ల్యాప్‌టాపుతో డిపోకి రావడానికి కొద్దిరోజుల ముందు పెద్దాయనకి కంటి ఆపరేషన్ అయింది. రెండో కన్ను అంతకుముందే సగం పోయింది. ఇప్పుడు మంచి కంటికి కట్టు. మంచం మీద పడుకోబెట్టారు. చీకటి. పక్కమంచం ఎంత దూరంలో ఉందో తెలీదు. ఎవరో నడుస్తున్నారు, ఎవరో తెలీదు. జీవితమంతా లిఫ్టు గోతుల్లో, చీకట్లో పనిచేసినవాడు. ఎన్నడూ భయపడలేదు. ఆ మధ్యాహ్నం మాత్రం ఆయనకి ఒళ్ళంతా చెమట పట్టింది.

కొడుకు పక్కన కూర్చున్నాడు. ఫోన్‌లో చెకింగు గడువు గుర్తుచేసే గంట మోగింది.

"నాన్నా, పాత మేడ లిఫ్టుకి గడువు ఇవాళే. నీ వంతుదే. నేను వెళ్ళి చూసి వచ్చేస్తా. నర్సుకి చెప్పి వెళ్తాలే" అన్నాడు.

పెద్దాయన చెయ్యి చాచి కొడుకు మణికట్టు వెతికి పట్టుకున్నాడు.

"ఆ లిఫ్టు నాకు తెలుసు. పోయినసారి నేనే చూశాను. రాయిలా ఉంది. టిక్కు కొట్టెయ్. లేచాక నేనే వెళ్ళి చూస్తా."

"లాకులు చూడాలేమో నాన్నా."

"నేను చూస్తానంటున్నాగా."

కొడుకు నవ్వాడు. "భయమేసిందా ఏంటి?" అన్నాడు. పెద్దాయన మణికట్టు వదల్లేదు. కొడుకు రెండో చేత్తో ఫోన్ తీసి, డిపోలోకి వెళ్ళి, లాకులన్నీ బాగున్నట్టు టిక్కు కొట్టాడు. ఫోన్ చిన్నగా కూసింది. తర్వాత సాయంత్రం దాకా ఆ పక్కనే కూర్చుని ఏవేవో కబుర్లు చెప్పాడు.

లేచాక పెద్దాయన వెళ్ళలేదు. వెళ్ళకూడదని కాదు. మళ్ళీ పనిలోకి వచ్చిన రోజే మేనేజరు ఆయన్ని ఊరవతల కొత్త మేడకి తోలాడు. అక్కడ పని తెమల్లేదు. రేపు, ఎల్లుండి అనుకుంటూనే ఉన్నాడు. అసలు టిక్కు పడిపోయాక ఏ లిఫ్టూ ఎవరి మనసులోనూ ఎక్కువ రోజులు ఉండదు.

మేడ ఊడ్చే ఆమెని తీసుకెళ్ళిపోయాక ఆమె అక్క డిపోకి వచ్చింది. గేటు దాటి లోపలికి రాలేదు. అక్కడే ఊచలు పట్టుకుని నిలబడింది.

"మా చెల్లెలు ఎక్కిన లిఫ్టు చూసింది ఎవరు?"

అందరూ చేతుల్లో ఉన్న పని వైపు తిరిగారు.

"గొడవ పడను. ఎవరో చెప్పండి చాలు. మొహం చూసి పోతాను."

టార్చి నేల చూపులు చూశాడు. కొడుకు లోపలి గదిలోకి వెళ్ళిపోయాడు. పెద్దాయన గేటు దాకా నడిచాడు. ఆమె కళ్ళు ఆయన మొహం మీద పడ్డాయి. ఆయన చెప్పబోయాడు. సరిగ్గా అప్పుడే మేనేజరు కారు వచ్చి హారను కొట్టింది. ఆమె పక్కకి తప్పుకుంది. తర్వాత చూస్తే లేదు.

మేనేజరు అందర్నీ నిలబెట్టి చెప్పాడు. ప్రభుత్వం వాళ్ళ లిఫ్టుల ఇన్స్పెక్టరు వస్తోంది, వెంట పోలీసులు కూడా వస్తారు, కంపెనీ ఎవరినీ ఒకే పాస్‌వర్డు వాడుకోమని చెప్పలేదు, ఆ సంగతి అందరూ గుర్తుంచుకోవాలి.

"గోడ మీద రాయించింది తమరే కదండీ" అన్నాడు టార్చి.

"ఏ గోడ మీద?" అన్నాడు మేనేజరు.

అందరూ గోడ వైపు చూశారు. గోడ శుభ్రంగా ఉంది.

ఆయన వెళ్ళాక డిపోలో మాట అనుకున్నారు. ఎవరు కొట్టారో తెలీదు, డిపో అందరిదీ. అందరూ అదే చెప్పాలి. "డిపో కొట్టింది. డిపోని తీసుకెళ్ళి లోపలెయ్యమనండి, ఈ కప్పు ఎలాగూ కారిపోతోంది" అన్నాడు టార్చి. ఈసారి ఎవరూ నవ్వలేదు.

పెద్దాయన మాత్రం వేరే లెక్కలో ఉన్నాడు. ట్యాబ్‌లో తన పేరే ఉంది. ఆ టిక్కు పక్కన తన పేరు. అది తనదే. కొట్టించింది తనే. నేనే అంటే సరిపోతుంది. ఎవరూ కాదనరు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే ఆయనకి గుండె మీంచి బరువు దిగినట్టు కూడా అనిపించింది.

కోడలు వంటగదిలో గిన్నెలు తోముతోంది. కొడుకు పాపని దుకాణానికి తీసుకెళ్ళాడు.

"తల్లీ, రేపు నేనే చూశానని చెప్తాను. నువ్వేం కంగారు పడకు" అన్నాడు.

కోడలు కొళాయి కట్టేసింది. "మీరు ఆ రోజు సెలవులో ఉన్నారు మావయ్యా."

"అయితే?"

"ఇంతకుముందు హాజరు వేరు, చెకింగు వేరు. దేని దారి దానిది. ఇప్పుడు రెండూ ఒక్క పేరు కిందే. మీ పేరు మీద ఒక్కసారి నొక్కితే ఇది ఇటూ అది అటూ పక్కపక్కన వస్తాయి. ఆసుపత్రి చీటీ కూడా అందులోనే ఉంది. మీరే పెట్టించారు నా చేత."

పెద్దాయన తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. అప్పటికే పొడిగా ఉన్నాయి. మళ్ళీ తుడుచుకున్నాడు.

"ఆ సెలవు తీసెయ్యి."

"తీస్తే ఎవరు తీశారో కూడా పడుతుంది. నా పేరు పడుతుంది. అప్పుడు ఇంట్లోంచి ఇద్దరు పోతారు." ఆమె గొంతు తగ్గించింది. "అయినా మీరెందుకు మీద వేసుకోవడం? ఎవరు కొట్టారో నన్ను అడక్కండి, నాకు చెప్పకండి. డిపో అందరిదీ. అది అబద్ధం కాదు. ఖాతాకి మనిషినెందుకు తగిలించావని నన్ను తిడతారు. ఉద్యోగం తీసేస్తే తీసేస్తారు. మనిషి మనింట్లో ఉంటాడు కదా."

ఆమెకి తెలుసని ఆయనకి అర్థమైంది. మొగుడు ఆ రోజు ఎక్కడున్నాడో తెలియని భార్య ఉంటుందా.

"వాడు వెళ్తాననే అన్నాడమ్మా" అన్నాడు. "నేనే పోనివ్వలేదు."

కోడలు తోమిన గిన్నెనే మళ్ళీ తీసి తోమింది.

"రేపు మీరు నోరు విప్పకండి మావయ్యా. మిమ్మల్ని నేను ఎప్పుడూ ఏదీ అడగలేదు. ఇదొక్కటి. ఇన్నేళ్ళూ మాట్లాడకుండా ఉన్నారుగా, రేపు కూడా అలాగే ఉండండి."

ఆయన తల ఊపాడు.

విచారణ మేనేజరు గదిలోనే పెట్టారు. బల్ల మీద సామాను తీసేసి మంచినీళ్ళ గ్లాసులు సర్దారు. ఇన్స్పెక్టరు నడివయసు ఆడమనిషి. కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకుని, నెమ్మదిగా మాట్లాడుతోంది. గోడ పక్కన పోలీసు హెడ్డు. ఇంకో పక్క మేనేజరు. కంప్యూటరు దగ్గర కోడలు, అడిగింది తెరిచి చూపించడానికి. బయట బెంచీ మీద డిపోవాళ్ళంతా వరసగా కూర్చున్నారు. ఒక్కొక్కర్నీ పిలుస్తున్నారు.

టార్చి వెళ్ళి వచ్చాడు. ఇంకో ఇద్దరు వెళ్ళి వచ్చారు. అందరిదీ ఒకే పాట. తర్వాత పెద్దాయనని పిలిచారు. లేస్తుంటే కొడుకు ఆయన చొక్కా కాలరు సరిచేశాడు. "ఏం కాదులే నాన్నా" అన్నాడు మెల్లిగా.

"కూర్చోండి" అంది ఇన్స్పెక్టరు. "ఈ డిపో ఖాతాని అందరూ వాడేవారా?"

పెద్దాయన తల ఊపాడు.

"మీ పేరు తర్వాత పెట్టారు. అంతేనా?"

తల ఊపాడు. కోడలు ఊపిరి పీల్చుకోవడం ఆయనకి వినపడింది.

"పాత మేడలో ఆ టిక్కు ఎవరు కొట్టారో మీకు తెలుసా?"

తెలీదు అంటే అయిపోయేది. తల అడ్డంగా ఊపినా సరిపోయేది. ఇన్స్పెక్టరు అప్పటికే కాగితం తిప్పబోతోంది. అలాగే తిప్పుతూ, ఎవరితోనో కాదు, తనలో తను అనుకున్నట్టు అంది. "ఒక మనిషి చచ్చిపోయింది. చూసినవాడు ఒక్కడూ లేడు."

పెద్దాయనకి గేటు ఊచలు పట్టుకున్న చేతులు కళ్ళ ముందు మెదిలాయి. ఆయనకి చూపు బాగా వచ్చింది ఆపరేషన్ తర్వాత. ఆ చేతుల మీద నీళ్ళలో నానిన ముడతలు కూడా కనిపించాయి ఆ రోజు.

"నేనే" అన్నాడు.

"మావయ్యా" అంది కోడలు.

"నేనే చూశాను. లాకు బాగుందనుకున్నాను. తప్పు నాది."

ఇన్స్పెక్టరు కళ్ళజోడు కిందికి దింపుకుంది. కోడలి వైపు తిరిగింది. "ఈయన పేరు మీద నొక్కమ్మా. ఆ రోజుది చూపించు."

కోడలి వేలు ఆడలేదు. ఇన్స్పెక్టరు ఆగింది. మేనేజరు గొంతు సవరించుకున్నాడు. కోడలు నొక్కింది.

"ఆ రోజు మీరు ఆసుపత్రిలో ఉన్నారు" అంది ఇన్స్పెక్టరు. "కంటికి కట్టుతో లిఫ్టు మీదికెక్కి లాకులు చూశారా?"

మాట తక్కువ మనిషికి ఒక చిక్కుంది. ఎక్కడ ఆపాలో అలవాటు ఉండదు. పెద్దాయనకి ఒకటే ఆత్రం, ఆ టిక్కు తన చేతిలోంచి జారిపోకూడదని.

"కొట్టలేదు. కొట్టించాను. వాడు వెళ్ళి చూసొస్తానన్నాడమ్మా. నేనే చెయ్యి పట్టుకుని ఆపాను. కొట్టెయ్ అన్నాను. వాడు నా మాట మీద కొట్టాడు. అది నాది. నా పేరు మీదే ఉంది చూడండి."

 కోడలు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

"వాడంటే ఎవరు?" అంది ఇన్స్పెక్టరు.

అప్పుడు తెలిసింది ఆయనకి.   గ్లాసు అందుకోబోయి వదిలేశాడు. హెడ్డు గోడ మీంచి వీపు ఎత్తి నిటారుగా నిలబడ్డాడు.

"ఆసుపత్రిలో ఈయన దగ్గర ఎవరున్నారు?" ఇన్స్పెక్టరు ఈసారి మేనేజర్ని అడిగింది.

"వాళ్ళబ్బాయండీ. ఇక్కడే పని చేస్తాడు" అన్నాడు మేనేజరు. అతని గొంతులో ఏదో కుదుటపడినట్టు వినిపించింది.

కొడుకుని పిలిచారు. వాడు గుమ్మంలోకి వచ్చి, ముందు భార్య మొహం చూశాడు, తర్వాత తండ్రి మొహం చూశాడు. ఇంకేమీ చూడనక్కర్లేకపోయింది.

"టిక్కు నువ్వే కొట్టావా?"

"నేనే కొట్టానండీ."

"లిఫ్టు చూడకుండా?"

"చూడకుండానే."

"మీ నాన్న కొట్టమన్నానంటున్నారు."

కొడుకు ఆలోచించలేదు. "ఆయనకి మత్తు మందిచ్చారండి. పడుకుని ఉన్నారు. ఏమీ అనలేదు. అంత దూరం వెళ్ళడానికి నాకే బద్ధకమేసింది."

"అబద్ధం!" పెద్దాయన లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. "నేనే అన్నాను! వాడు వెళ్తానన్నాడు! ఒరేయ్, చెప్పరా, నేను నీ చెయ్యి పట్టుకోలేదూ? భయమేసిందా అని నువ్వు నన్ను అడగలేదూ?"

ఆ డిపోలో ఎవరూ ఆయన అరవడం ఎన్నడూ వినలేదు. బయట బెంచీ మీద ఉన్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు.

"ఊరుకో నాన్నా" అన్నాడు కొడుకు.

"రాయమ్మా! నేనన్నదే రాయి!"

"రాశాను" అంది ఇన్స్పెక్టరు. విసుగు లేదు ఆమె గొంతులో. "మీరు అన్నారో లేదో నేను తేల్చలేను. కొట్టినవాడు కొట్టానంటున్నాడు. మీరు సెలవులో ఉన్నారు. సెలవులో ఉన్న మనిషికి లిఫ్టు మీద బాధ్యత లేదు."

"కన్నతండ్రి కదండీ. అలాగే అంటారు" అన్నాడు హెడ్డు. పెద్దాయన భుజం మీద చెయ్యి వేసి కుర్చీ లేపి కూర్చోబెట్టాడు. మర్యాదగానే కూర్చోబెట్టాడు.

కొడుకుని జీపులో తీసుకెళ్ళారు. వెళ్ళేముందు జేబులోంచి డిపో తాళాలు తీసి టార్చికి ఇచ్చాడు. "ఆ కొత్త మేడ మోటారుకి నూనె పెట్టాలన్నా, మర్చిపోకు" అన్నాడు. టార్చి తాళాలు అందుకుని జీపు దాకా వెంట నడిచాడు.

పెద్దాయన ఆ కుర్చీలోంచి లేవలేదు. "మీరు వెళ్ళొచ్చు" అంది ఇన్స్పెక్టరు. ఆమే వెళ్ళిపోయింది. మేనేజరు వచ్చి, రేపటి నుంచి ఎప్పటిలాగే పనిలోకి రావచ్చనీ, ఆయన మీద కంపెనీకి ఏ అభ్యంతరమూ లేదనీ చెప్పి వెళ్ళాడు. ఎవరో ఫ్యాను ఆపేశారు. కోడలు కంప్యూటరు కట్టేసి, సంచీ భుజాన వేసుకుని వచ్చి ఎదురుగా నిలబడింది.

"లేవండి. పాపని బడి నుంచి తీసుకురావాలి."

దారంతా ఆమె ముందు నడిచింది, ఆయన వెనక. ఆమె వెనక్కి తిరగలేదు. బడి సందు మొదట్లో ఆగిపోయింది.

"ఇన్నేళ్ళలో ఒక్కసారి మాట్లాడారు మావయ్యా" అంది. తిట్టినట్టు లేదు, ఏడ్చినట్టూ లేదు. "ఇక్కడి నుంచి మీరే వెళ్ళండి. నాన్న ఏడని అది అడుగుతుంది. నాకు చెప్పడం రాదు."

బడి గేటు ముందు తల్లులూ తండ్రులూ గుమిగూడి ఉన్నారు. గంట కొట్టారు. పిల్లలు బిలబిలమంటూ వచ్చారు. పాప ఆయన్ని చూసి, ఆయన వెనక ఎవరైనా ఉన్నారేమోనని తొంగి చూసింది.

"నాన్న రాలేదా తాతా?"

ఆయన పాప సంచీ తీసి తన భుజానికి తగిలించుకున్నాడు. గోడవారగా తీసుకెళ్ళి, మోకాళ్ళు నొప్పెడుతున్నా గొంతుక్కూర్చున్నాడు. చెప్పాడు. ఆసుపత్రి సంగతి చెప్పాడు, చీకటి సంగతి చెప్పాడు, చెయ్యి పట్టుకున్న సంగతి చెప్పాడు. మేడ ఊడ్చే ఆమె సంగతి కూడా చెప్పాడు, వెనక్కి నడిచిన అడుగు దాకా. నాన్నని తీసుకెళ్ళారని చెప్పాడు. తనకే వింతగా ఉంది, మాటలు వాటంతట అవే వస్తున్నాయి.

పాప మధ్యలో అడ్డురాకుండా అంతా వింది.

"తప్పు నీదైతే నాన్ననెందుకు తీసుకెళ్ళారు?"

"నాదే అని చెప్పానమ్మా. వినలేదు."

"గట్టిగా చెప్పావా?"

"చెప్పాను."

పాప కాసేపు బూటు కొనతో మట్టి గీరింది. తర్వాత ఆయన వేలు పట్టుకుని లాగింది.

"పద తాతా. మళ్ళీ చెబుదాం."

పెద్దాయన గోడ ఆనుకుని లేచాడు. సందు చివర కోడలు ఇటు వీపు పెట్టి నిలబడి ఉంది. ఎండ వాలిపోతోంది. ఈ వేళకి ఇన్స్పెక్టరు ఆఫీసు మూసేసి ఉంటారు.